తరుగు

మంచు కారే బూట్లతో వచ్చింది ఒడెస్సా టాలివర్.
హామ్‌ట్రామిక్‌లో మా తాత తెరిచిన కొట్టు ఇది,
తలుపు మీది గంటకి ఇంకా పోలిష్ యాస పోలేదు.
గ్లవుజు తీసి గాజుబల్ల మీద
పిడికెడు గడ్డ ఒకటి పెట్టింది.
పైకి బొగ్గు. అంచున మాత్రం
పొట్టు రేగిన ఉల్లిపాయ.

"దీంతో ఉంగరం చెయ్యాలి. ఏప్రిల్లో నా పెళ్లి.
అరవై ఒక్కేళ్లకి. నవ్వుకో, పర్లేదు."

నవ్వలేదు. అలవాటు కొద్దీ పళ్లేలు జరిపాను:
గనిలో దొరికిన వజ్రం, ప్రయోగశాలలో పుట్టిన వజ్రం,
ఆ పక్కన మోయిసనైట్.
"మెరుపులో వజ్రానికి తోబుట్టువండీ,
వెలలోనే సవతి బిడ్డ" అన్నాను.
చాలామంది దగ్గర చెల్లిన మాట.
ఆమె గడ్డని ఇంకొంచెం నా వైపు తోసింది.

"అమ్మ కార్ల ఫ్యాక్టరీలో, రంగుల గదిలో, ఇరవై రెండేళ్లు.
కారు మీద పడాల్సింది పడగా
పట్టాలకి అంటి, పొయ్యిలో మళ్లీ మళ్లీ కాలి
రాయైపోయిన రంగు ఇది.
మా ఇంట్లో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాళ్లం."

నీళ్ల ధార కింద కోశాను, మాస్కు బిగించుకుని.
పాత రంగులో సీసం ఉంటుంది,
ఆ ధూళి ఒకసారి లోపలికెళ్తే అద్దె కట్టకుండా ఉండిపోతుంది.
రంపం ఆగింది. గడ్డ రెండయింది.

మేలిమికి పదహారు వన్నెలని తేల్చినవాళ్లు
దీన్ని చూసి ఉండరు.
వెంట్రుక మీద వెంట్రుక పేర్చినట్టు
మీగడ తెలుపు, ఇటుక, నాచు, మళ్లీ తెలుపు,
మందు సీసా గోధుమ, ఎవరి పెళ్లి కారుదో గులాబీ.
డెబ్భై దాకా లెక్కపెట్టి తప్పాను.

ఒడెస్సా గోటితో చూపిస్తోంది:
"ఈ నీలం మేం కొనాలనుకున్న కారు. కొనలేదు.
ఈ పచ్చ నాకు కామెర్లొచ్చిన ఏడు."
ఎలా తెలుసన్నాను.
"తెలీదు. ఎవరో ఒకరు అనాలిగా."

నడుమ ఒక బూడిద చార.
నిగారింపు లేదు, గరుకు, దుమ్ము తిన్న గీత.
"ఇది లోపం. కాస్త అటు జరిపి కోస్తే కనబడదు."

ఆమె చాలాసేపు వంగి చూసింది.
"సమ్మె. పదకొండు వారాలు లైను ఆగింది.
ముందు బంగాళాదుంపలు తిన్నాం,
తర్వాత తొక్కలు తిన్నాం.
జరపొద్దు. సరిగ్గా మధ్యలో ఉంచు."

కోడిగుడ్డు వాటంగా సానబట్టాను,
ఆ చార వేలికి అడ్డంగా వచ్చేట్టు.
వెండి గూడు కట్టి, అడుగున కూడా రేకు మూసి పొదిగాను.
ఒంటికి రంగు తగలకూడదని చెప్పాను.
ఆమె చూపు మేకుకి వేలాడుతున్న
నా మాస్కు దగ్గర ఆగింది.

"అమ్మకి రుమాలుండేది" అంది.
"చుక్కల రుమాలు."

ఇంకేం అనలేదు. నేనూ అనలేదు.
రోడ్డు మీద ఉప్పు చల్లే లారీ ఒకటి
గొణుక్కుంటూ పోయింది.

బిల్లు రాశాను: వెండి, మజూరీ, తరుగు.
"తరుగంటే?"
"సానలో పోయింది."
"పోయి ఎక్కడుంది?"

ఈ ప్రశ్న ముప్పై ఏళ్లలో ఎవరూ అడగలేదు.
సానచక్రం కింద తొట్టి లాగి చూపించాను.
డెబ్భై రంగులూ అడుక్కి దిగి
ఒక్కటే బురదై కూర్చున్నాయి,
గోధుమా కాదు, బూడిదా కాదు, పేరు లేదు.

ఆమె పేరు పెట్టింది.
"పని నుంచొచ్చి అమ్మ చేతులు కడిగితే
సింకులో నీళ్లు ఇలా ఉండేవి.
మూత ఉన్న సీసా ఏదైనా ఉందా?"

బిల్లులో తరుగు కొట్టేశాను.
పూసల సీసా ఒకటి ఖాళీ చేసి, వంపి,
బిరడా బిగించి, మైనంతో మూసి
ఉంగరం కంటే ముందు
అదే ఆమె చేతికిచ్చాను.